మాజీ సైనికుల కుటుంబాల బాగోగులపై పరిశోధన ఎలా చేయాలి?

సైన్యం నుంచి రిటైర్ అయి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నడివయసు కూడా దాటనివాళ్లే. 18, 19 ఏళ్లకు భర్తీ అయిన జవాను పెన్షన్‌కు కావలసిన 15 ఏళ్ల సర్వీసు దాటాక ఇంకొన్నేళ్లు చేసి, 35-40 ఏళ్ల మధ్యలో ఊరికి తిరిగొస్తాడు. పిల్లలు అప్పటికి ఇంకా హైస్కూల్లోనే ఉంటారు, ఇంటి లోను సగం కూడా తీరి ఉండదు. ఆయన ఎలా ఉన్నాడు, ఆయన భార్య ఎలా ఉంది అని పద్ధతిగా అడిగి తెలుసుకోవాల్సిన అవసరం చాలా ఉంది. సోషల్ వర్క్, సైకాలజీ, సోషియాలజీ, పబ్లిక్ హెల్త్ చదువుతూ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో ఈ విషయం తీసుకుందామనుకునేవాళ్లకు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతాను.

ముందు ప్రశ్న తేల్చుకోండి

'మాజీ సైనికుల సంక్షేమం: ఒక అధ్యయనం' అని మొదలుపెడితే రెండేళ్లయినా పని కొలిక్కి రాదు. ఎవరి గురించి, ఏ విషయం, ఏ కాలం అన్న మూడూ ఒక్క వాక్యంలో ఇమడాలి. 'గత ఐదేళ్లలో రిటైర్ అయి పశ్చిమ గోదావరి జిల్లాలో స్థిరపడిన జవాన్ల ఇళ్లలో, తిరిగొచ్చిన మొదటి రెండేళ్లలో డబ్బు, పిల్లల చదువు గురించిన నిర్ణయాలు ఎవరు తీసుకుంటున్నారు?' అన్నది చేయగలిగిన ప్రశ్న.

చాలామంది ఆలోచన యుద్ధం మిగిల్చిన మానసిక గాయం (పీటీఎస్‌డీ) దగ్గరే ఆగిపోతుంది. అది ముఖ్యమే. కానీ లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు ఇరాక్, అఫ్గానిస్థాన్ యుద్ధాల కాలంలో పనిచేసిన దాదాపు 10 వేల మంది బ్రిటిష్ సైనికులను అడిగి, 2010లో ద లాన్సెట్ పత్రికలో ఏం చెప్పారో చూడండి. పీటీఎస్‌డీ ఉండవచ్చనిపించినవాళ్లు 4 శాతం. తాగుడు హద్దు దాటినవాళ్లు 13 శాతం. దిగులు, ఆందోళన లాంటి మామూలు ఇబ్బందులున్నవాళ్లు దాదాపు 20 శాతం. ఒక్క పీటీఎస్‌డీ కోసమే వెతికి ఉంటే మిగతా రెండూ లెక్కలోకే వచ్చేవి కావు.

మన ఊళ్లలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది 'ఇంటికి తిరిగి రావడం' అని నా గట్టి నమ్మకం. పదిహేనేళ్లకు పైగా ఏడాదికి రెండు మూడు నెలలే ఇంట్లో ఉన్న మనిషి ఇప్పుడు పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటాడు. అన్నాళ్లూ పొలం కౌలు, చీటీ పాట, స్కూలు ఫీజు, అత్తమామల ఆస్పత్రి ఖర్చులు అన్నీ ఆమే చూసుకుంది. ఇప్పుడు ఏటీఎం కార్డు ఎవరి దగ్గర ఉండాలి? పిల్లవాడు ట్యూషన్‌కు వెళ్లాలా వద్దా ఎవరు చెప్పాలి? ఆ ఇంటి సుఖదుఃఖాలు ఇలాంటి చిన్న విషయాల్లోనే తేలతాయి. అందుకే సైనికుడిని మాత్రమే అడిగి ఊరుకోకండి. కుటుంబమంతటినీ లెక్కలోకి తీసుకోండి, భార్యను విడిగా అడగండి.

ఇంకో మంచి ప్రశ్న ఇప్పుడే దొరుకుతుంది. 2022 జూన్ 14న ప్రకటించిన అగ్నిపథ్ సైనిక భర్తీ పథకంలో చేరినవాళ్లది నాలుగేళ్ల సర్వీసు. అందులో గరిష్ఠంగా 25 శాతం మందినే కొనసాగిస్తారు, మిగతావారికి పెన్షన్ ఉండదు. తొలి బ్యాచ్‌ల గడువు 2026 చివర, 2027 మొదట్లో పూర్తవుతుంది. తిరిగొచ్చిన ఆరు నెలలకు ఒకసారి, రెండేళ్లకు ఇంకోసారి అదే కుర్రాళ్లను కలిస్తే, పెన్షన్‌తో వచ్చిన పాతవాళ్లతో పోల్చి చూడవచ్చు. ఆలస్యం చేస్తే ఆ తొలి నెలల సంగతులు మళ్లీ దొరకవు.

అనుమతులు

యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఆమోదం లేకుండా ఒక్క ఇంటర్వ్యూ కూడా చేయకూడదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017లో ఇచ్చిన జాతీయ నైతిక మార్గదర్శకాలను దగ్గర పెట్టుకుని దరఖాస్తు రాయండి.

సర్వీసులో ఉన్నవాళ్లను అడగాలంటే సైనిక అధికారుల అనుమతి కావాలి. విద్యార్థి ప్రాజెక్టుకు అది అందేలోపు కోర్సు అయిపోవచ్చు. మొదటిసారి చేసేవాళ్లు రిటైర్ అయినవాళ్లకు, వాళ్ల కుటుంబాలకు పరిమితమైతే మేలు. మీరు మాట్లాడే ఇంట్లో కొడుకో అల్లుడో ఇంకా సర్వీసులో ఉంటే, ఆయన యూనిట్ ఏది, పోస్టింగ్ ఎక్కడ అని అడగకండి. వాళ్లు చెప్పినా రాసుకోకండి.

మనుషుల్ని ఎలా కలవాలి?

సైనిక సంక్షేమ కార్యాలయం, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్, సైనికులకు తక్కువ ధరకు సరుకులమ్మే సీఎస్‌డీ క్యాంటీన్, మాజీ సైనికుల సంఘం. ఈ నాలుగు చోట్లా మనుషులు దొరుకుతారు. కానీ ఒక్కోచోట ఒక్కో రకం వాళ్లే దొరుకుతారు. సంక్షేమ కార్యాలయానికి ఎక్కువగా వచ్చేది సాయమో సర్టిఫికెట్టో కావలసినవాళ్లు. 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లో కనిపించేది ఒంట్లో బాగాలేనివాళ్లు. క్యాంటీన్‌కు తరచూ వచ్చేది పట్నానికి దగ్గర్లో ఉన్నవాళ్లు. సంఘం మీటింగులకు వచ్చేది హుషారుగా తిరిగేవాళ్లు. ఏ ఒక్క చోటనో ఉండి వంద ఫారాలు నింపుకొస్తే, ఆ ఫలితం ఆ గుమ్మం దాటినవాళ్ల సంగతి మాత్రమే చెబుతుంది. మూడు నాలుగు చోట్ల నుంచి మొదలుపెట్టండి. ఎవరూ రాని చోటికి, అంటే మారుమూల ఊళ్లకు మీరే వెళ్లండి.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని 'మిలిటరీ మాధవరం' అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ అక్కడినుంచి మనుషులు వెళ్లారు, తరతరాలుగా ఇళ్లలో ఫౌజీలున్నారు. ఇలాంటి ఊళ్లో వివరంగా మాట్లాడేవాళ్లు దొరుకుతారు. అయితే అక్కడ సైనికుడి భార్యకు చుట్టుపక్కల అదే అనుభవం ఉన్న ఆడవాళ్లు పదిమంది ఉంటారు. ఊరంతటికీ ఒకే ఒక్క సైనికుడున్న చోట ఆమెకు ఆ తోడు ఉండదు. రెండు రకాల ఊళ్లూ మీ జాబితాలో ఉండాలి.

జిల్లా మొత్తానికి శాతాలు చెప్పాలనుకుంటే, 5 శాతం అటూఇటూ తేడాతో, 95 శాతం నమ్మకంతో, కనీసం 385 మంది కావాలి. వాళ్లను జాబితా నుంచి లాటరీ పద్ధతిలో ఎంచుకోవాలి. ఒక్క విద్యార్థికి అది భారమే. లోతుగా చేసిన ఇరవై ఇంటర్వ్యూలు తొందరగా నింపిన నాలుగు వందల ఫారాలకన్నా విలువైనవి. దేన్ని ఎంచుకున్నా, ఎందుకు ఎంచుకున్నారో రాయండి.

పోలిక లేకుండా 'మాజీ సైనికుల ఆరోగ్యం బాగుంది' అనకండి. భర్తీ రోజే డాక్టర్లు గట్టివాళ్లను ఏరుకున్నారు కాబట్టి, మామూలు జనంతో పోలిస్తే వాళ్లు మెరుగ్గా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. నాకు నచ్చిన పద్ధతి ఒకటుంది. అదే ఇంట్లో సైన్యానికి వెళ్లని అన్ననో తమ్ముడినో కూడా అడగడం. ఊరు, కులం, పెంపకం, పొలం అన్నీ ఒకటే కాబట్టి తేడా ఎక్కడుందో కాస్త స్పష్టంగా తెలుస్తుంది.

ఏం అడగాలి, ఎలా అడగాలి?

కొలవడానికి సిద్ధంగా ఉన్న ప్రశ్నావళులు వాడండి, సొంతంగా తయారుచేయకండి. మానసిక బాగోగులు కొలిచే డబ్ల్యూహెచ్‌ఓ-5లో ఐదే ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తాన్ని 4తో గుణిస్తే వందకు ఎంతో వస్తుంది. 50 దాటకపోతే డిప్రెషన్ ఉందేమో చూడాలి. జీవన నాణ్యతకు 26 ప్రశ్నల డబ్ల్యూహెచ్‌ఓక్యూఓఎల్-బ్రెఫ్, డిప్రెషన్‌కు తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9, తాగుడుకు పది ప్రశ్నల ఆడిట్ (AUDIT) అనే ప్రశ్నావళి ఉన్నాయి. తెలుగు ప్రతి ఉంటే అదే తీసుకోండి. లేకపోతే ఇద్దరి చేత విడివిడిగా తెలుగు చేయించి, మూడో మనిషి చేత తిరిగి ఇంగ్లిష్‌లోకి మార్పించి సరిచూడండి. తర్వాత పదిమంది మాజీ సైనికులకు చదివి వినిపించి, వాళ్లకు ఏం అర్థమైందో అడగండి.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలనిపించడం గురించి. ఎవరైనా 'అవును' అంటే ఆ క్షణంలో ఏం చేస్తారో ముందే రాసిపెట్టుకోండి. ఎవరికి ఫోన్ చేయాలి, ఏ డాక్టర్ దగ్గరికి పంపాలి అన్నవి మీ ఫైల్లో ఉండాలి. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరున్న కాగితాన్ని ప్రతి ఇంట్లోనూ ఇచ్చి రండి.

ఇక మాట్లాడే తీరు. వరండాలో కుర్చీ వేసి, టీ ఇచ్చి, పక్కింటి ఇద్దరు వచ్చి కూర్చున్నాక, 'సార్, మీకు టెన్షన్ ఏమైనా ఉందా?' అని అడిగితే 'ఏం లేదండీ, ఫస్ట్‌క్లాస్‌గా ఉన్నాం' అన్న జవాబే వస్తుంది. ముందు సర్వీసు గురించి చెప్పనివ్వండి. ఏ సెంటర్లో ట్రైనింగ్, మొదటి పోస్టింగ్‌లో చలి, లంగర్లో తిండి. తర్వాత నిద్ర గురించి అడగండి. 'నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నారు? మధ్యలో లేచారా? లేచి ఏం చేశారు?' నిద్ర గురించి చెప్పడానికి ఎవరూ నామోషీ పడరు. మిగతావి అక్కడినుంచి వాటంతటవే వస్తాయి. మద్యం గురించి అడిగేటప్పుడు క్యాంటీన్ కోటా ఎవరికిచ్చారని ఆరా తీయకండి. దాన్ని బయట అమ్మడం నిబంధనలకు విరుద్ధం కాబట్టి భయపడి అన్నిటికీ నోరు మూసుకుంటారు. తాను ఎంత తాగుతాడన్నదొక్కటే మీకు కావాలి.

ర్యాంకు రిటైర్ అయ్యాక కూడా పోదు. రిటైర్డ్ కల్నల్ గారో సంక్షేమాధికారి గారో వెంటబెట్టుకుని తీసుకెళ్తే ఏ సిపాయీ కాదనలేడు. అలా ఒప్పుకోవడాన్ని సమ్మతి అనలేం. పరిచయం వరకు వాళ్ల సాయం తీసుకోండి, ఇంటర్వ్యూకు మాత్రం ఒంటరిగా వెళ్లండి. డిసెబిలిటీ పెన్షన్ వస్తున్నవాళ్లకు 'బాగున్నాను' అంటే పెన్షన్ కోస్తారేమో అన్న భయం ఉంటుంది. ఇంకొందరు మీరు సైనిక పెన్షన్ల స్పర్శ్ పోర్టల్లో ఆగిన పని చేయించగలరని ఆశపడతారు. రెండూ జరగవని మొదటి ఐదు నిమిషాల్లోనే స్పష్టంగా చెప్పండి.

వీర నారీమణుల దగ్గరికి వెళ్లేటప్పుడు

సర్వీసులో ప్రాణాలు కోల్పోయిన సైనికుల భార్యలను వీర నారీమణులంటారు. భర్త చనిపోయిన ఏడాది లోపు వెళ్లకండి, వర్ధంతి దగ్గరపడినప్పుడు అసలే వద్దు. అడిగేది ఆడమనిషైతే మంచిది. అత్తమామలు వినేచోట మాట్లాడించకండి. ఎక్స్‌గ్రేషియా, ఫ్యామిలీ పెన్షన్, ఆమె మళ్లీ పెళ్లి గురించి ఇంట్లో గొడవలు ఉండవచ్చు, మీ ప్రశ్న వాటిని కదపవచ్చు. భర్త మరణవార్త ఫోన్‌లో వచ్చిన రోజు గురించి మీరు అడగవద్దు. ఆమె చెప్పాలనుకుంటే చెబుతుంది, అప్పుడు పెన్ను పక్కన పెట్టి వినండి. ఇవాళ ఆమె రోజు ఎలా గడుస్తోంది, పిల్లల చదువు ఎవరు చూస్తున్నారు, ఆఫీసుల చుట్టూ ఎవరు తిరుగుతున్నారు, ఆగస్టు 15న శాలువా కప్పినవాళ్లు మిగతా రోజుల్లో పలకరిస్తున్నారా అన్నవి అడగండి. ఆపేయమంటే వెంటనే ఆపేయండి, మళ్లీ ఒప్పించే ప్రయత్నం చేయకండి.

వివరాలు దాచడం, ఫలితాలు తిరిగి ఇవ్వడం

పేరు మార్చినంత మాత్రాన మనిషి దాగడు. '1971 యుద్ధంలో కాలు పోగొట్టుకున్న సుబేదారు' అని రాస్తే మండలమంతా ఆయనెవరో చెబుతుంది. యుద్ధం పేరు, ర్యాంకు, గాయం, ఊరు వీటిలో రెండైనా తీసేయండి. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పెన్షన్ ఉత్తర్వు) ఫొటోలు మీ ఫోన్లో ఉంచుకోకండి.

వ్యాసాన్ని మెడికల్ జర్నల్ ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ఇండియాకు గానీ, సైనిక కుటుంబాల కోసమే కెనడా నుంచి వెలువడే జర్నల్ ఆఫ్ మిలిటరీ, వెటరన్ అండ్ ఫ్యామిలీ హెల్త్‌కు గానీ పంపవచ్చు. అంతకన్నా ముందు, మీకు టీ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్లకు రెండు పేజీల తెలుగు నివేదిక ఇవ్వండి. ఏం తెలిసింది, ఏ సాయం ఎక్కడ దొరుకుతుంది అన్నవి అందులో ఉండాలి. భార్యలకు విడిగా చదివి వినిపించండి. సంక్షేమ కార్యాలయానికి ఒక కాపీ ఇచ్చి, నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ పనిమీద వచ్చేవాళ్లకు కనబడేలా నోటీసు బోర్డులో పెట్టమని అడగండి.