మొదటి కోతకు ముందు: లాన్ ట్రాక్టర్ బెల్టు మార్చేవారికి జాగ్రత్తలు

మా ఒహాయోలో మార్చి చివరికి మంచు కరిగినా నేల బురదగానే ఉంటుంది. ఏప్రిల్ సగమయ్యేసరికి గడ్డి చీలమండ దాటుతుంది. ఆ మధ్యలో దొరికే రెండు మూడు వారాలే లాన్ ట్రాక్టర్ (కూర్చుని గడ్డి కోసే బండి) కిందికి దూరడానికి అనువైన సమయం. గడ్డి పెరిగాక రిపేరు షాపులో వరుస పెరుగుతుంది, ఇంట్లో తొందర పెరుగుతుంది. తొందరలో చేసే పని కాదిది. ఎకరం స్థలంతో ఇల్లు కొనుక్కున్న మనవాళ్లు చాలామంది బెల్టు మార్చడం సైకిల్ చైను ఎక్కించినంత తేలిక అనుకుని మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను.

ఈ బండిలో చక్రాలను నడిపే బెల్టుకు రెండు పనులు. ఇంజను అడుగున ఉన్న పుల్లీ నుంచి వెనుక ఇరుసు మీది గేరుపెట్టెకు శక్తి చేరవేయడం మొదటిది. పెడలు తొక్కగానే వదులై, పుల్లీ తిరుగుతున్నా తాను కదలకుండా ఉండడం రెండోది. కారులో క్లచ్ ప్లేటు చేసే పని ఇక్కడ బెల్టుది. మొదటి పని చెడితే బండి కదలదు, మనకు విసుగు. రెండోది చెడితే బండి ఆగదు. అందరూ మొదటిదాని గురించే అడుగుతారు. నా భయమంతా రెండోదాని గురించే.

ఆ భయం ఊరికే రాలేదు. ఒక ఏడాది పాత బెల్టు పక్కన పెట్టి కొలిచి, అర అంగుళం వెడల్పూ పొడవూ సరిపోయాయని ఆన్‌లైన్‌లో చవకగా దొరికిన మామూలు వి-బెల్టు (అడ్డకోత వి ఆకారంలో ఉండేది) వేశాను. నాది పాత గేరు బండి. పెడలు తొక్కి ఉంటే చాలు, గేరులో ఉన్నా స్టార్ట్ అవుతుంది. గేరు రెండులో ఉందని చూసుకోలేదు. తాళం తిప్పాను. కాలు పెడలు మీదే ఉంది, బండి మాత్రం గ్యారేజీ గోడ వైపు నడక సాగించింది. బ్రేకు కూడా అరిగిపోయిందని ఆ క్షణంలోనే తెలిసింది. గోడకు ఆనించిన నిచ్చెన విరిగింది. నిచ్చెన బదులు మా అబ్బాయి నిలబడి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వస్తుంది.

తప్పు రెండు చోట్ల జరిగింది. పాత బెల్టు వాడకంలో సాగి ఉంటుంది, దాన్ని కొలిచి కొత్తది కొనకూడదు. మాన్యువల్‌లోని విడిభాగం నంబరు చూసే కొనాలి. ఒక్క అంగుళం తేడా వచ్చినా బిగువు మారిపోతుంది. పొడవు ఎక్కువైతే స్ప్రింగు ఎంత లాగినా బెల్టు జారుతుంది, తక్కువైతే పెడలు తొక్కినా వదలదు. రెండోది, కొలత ఒకటే అయినా అన్ని బెల్టులూ ఒకటి కావు. ఈ పనికి తయారుచేసిన బెల్టుకు చుట్టూ గుడ్డ పొర ఉంటుంది, వదులైనప్పుడు పుల్లీలో నున్నగా జారడం కోసం. లోపలి దారాలు చాలావరకు కెవ్లార్ వంటి అరామిడ్ నార, అంత తేలిగ్గా సాగదు. మామూలు బెల్టు పక్కల కోసిన రబ్బరు బయటికే ఉంటే వదులైనా పుల్లీని పట్టుకుంటుంది. బెల్టు జారుతోందని జిగురు స్ప్రే కొట్టే అలవాటున్నవారు కూడా ఇక్కడ ఆగాలి. జారవలసినప్పుడు జారకపోవడమే ఈ యంత్రంలో ప్రమాదం.

బెల్టు ఎందుకు పాడైందో తెలియకుండా కొత్తది వేస్తే అదీ త్వరలోనే పోతుంది. వి-బెల్టు పక్కలతో పట్టుకోవాలి, అడుగుతో కాదు. పాతదాని అడుగు భాగం మెరుస్తుంటే అది గాడి అట్టడుగుకు దిగిందన్నమాట, బెల్టో పుల్లీయో అరిగింది. బెల్టును బిగించి ఉంచే ఐడ్లర్ పుల్లీలను చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగు మార్చాల్సిందే. నూనె మరకలు కనిపిస్తే ముందు ఇంజను సీలు సంగతి చూడాలి. చలికాలమంతా షెడ్డులో ఉన్న బండి అయితే ఎలుక గూడు కూడా దొరకవచ్చు, మాకు రెండుసార్లు దొరికింది.

ఇక పని మొదలుపెట్టే ముందు. ఇంజనూ సైలెన్సరూ పూర్తిగా చల్లారాలి. తాళం తీసి జేబులో వేసుకోండి. స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీసి, ప్లగ్‌కు తగలనంత దూరంగా కట్టేయండి. బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. చక్రాల కింద చెక్క దిమ్మెలు పెట్టండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. జాకీ మీద నిలబడ్డ బండి కిందికి తల పెట్టకూడదు, ర్యాంపులు గానీ స్టాండ్లు గానీ ఉండాలి. బండిని పక్కకు ఒరిగిస్తే పెట్రోలు, నూనె కారతాయి. లుంగీ, చున్నీ, మెడలో గొలుసు, చేతి ఉంగరం వద్దు. ఊళ్లో పిండిమర బెల్టులో పంచె కొస పడ్డ సంగతులు విని పెరిగినవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

ఏదీ విప్పకముందే నాలుగు వైపుల నుంచీ ఫోనుతో ఫోటోలు తీయండి. బెల్టు ఏ పుల్లీకి లోపలి నుంచి వెళ్లింది, దేనికి వీపు ఆనించింది అన్నది గంట తరువాత గుర్తుండదు. వి-గాడి ఉన్న పుల్లీలో బెల్టు ఇరుకు భాగం దిగాలి, చదును ఐడ్లర్‌కు వీపు తగలాలి. ఒక్కచోట మెలిక పడినా మళ్లీ మొదటికే.

చాలా బండ్లలో ముందు బ్లేడ్ల డెక్కును కిందికి దించి పక్కకు లాగాలి. చేతికి మందపాటి తొడుగులు తప్పనిసరి. బిగువుగా ఉన్న స్ప్రింగును స్క్రూడ్రైవరుతో ఎగదోయకండి, అది తగిలేది ముఖానికే. కొక్కెం ఉన్న లాగుడు పనిముట్టు వాడి, కళ్లజోడు పెట్టుకోండి. ఇంజను అడుగున విద్యుత్ బ్లేడ్ క్లచ్ (బ్లేడ్లను కరెంటుతో ఆడించి ఆపేది) ఉన్న మోడళ్లలో దాని వైరు ముందే ఊడదీయాలి. తిరిగి బిగించేటప్పుడు క్లచ్, దాన్ని తిరగనీయకుండా ఆపే చిన్న ఇనుప పట్టీలో సరిగ్గా కూర్చోవాలి. లేకపోతే క్లచ్ మొత్తం గిర్రున తిరిగి వైరును తెంపేస్తుంది. హైడ్రోస్టాటిక్ (గేర్లు మార్చే పని లేకుండా నూనె ఒత్తిడితో నడిచే) బండ్లలో వెనుక పుల్లీ మీద ప్లాస్టిక్ ఫ్యాను ఉంటుంది. బెల్టును ఒక్కో రెక్క మీదుగా ఓపికగా దాటించాలి, బలవంతం చేస్తే రెక్క విరుగుతుంది. గ్యారేజీ చల్లగా ఉంటే కొత్త బెల్టును ముందు రాత్రి ఇంట్లో పెట్టుకోండి, రబ్బరు మెత్తబడి మాట వింటుంది.

అన్నిటికంటే చిన్నచూపుకు గురయ్యేవి పుల్లీల పక్కనుండే ఇనుప కడ్డీలు. వదులైన బెల్టు గాడి నుంచి బయటికి రాకుండా, అదే సమయంలో పుల్లీని పట్టుకోకుండా కాపలా కాసేవి అవే. విప్పినవన్నీ తిరిగి అదే చోట పెట్టాలి. బెల్టు బిగువుగా ఉన్నప్పుడు దానికీ కడ్డీకీ మధ్య చాలా మోడళ్లలో 3 మిల్లీమీటర్ల సందు సరిపోతుంది. అయినా మీ మాన్యువల్ మాటే చెల్లుతుంది. చాలా బండ్లలో బిగువును స్ప్రింగే చూసుకుంటుంది, మనం సరిచేయవలసింది పెడలు కడ్డీనీ బ్రేకునూ.

పరీక్ష ఇంజను ఆపే మొదలుపెట్టాలి. పార్కింగ్ బ్రేకు వేసి, గేరు బండి అయితే న్యూట్రల్‌లో, హైడ్రోస్టాటిక్ అయితే వెనుకనున్న విడుపు మీట (బండిని చేత్తో తోయడానికి వీలిచ్చేది) లాగి, బండిని ముందుకు తోయండి. వెనుక చక్రాలు దొర్లకూడదు, బిగుసుకుని నేల మీద ఈడ్చుకుపోవాలి. దొర్లితే బ్రేకు బిగించేదాకా తాళం తిప్పవద్దు. తరువాత బండిని బయటికి, సమతలమైన ఖాళీ స్థలంలోకి తెచ్చి, ముందూ వెనుకా ఎవరూ లేరని చూసుకుని స్టార్ట్ చేయండి. తలుపు తెరిచినా సరే, గ్యారేజీలో ఇంజను ఆడించవద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. తక్కువ వేగంలో నాలుగైదుసార్లు కదిలించి పెడలు తొక్కండి. కాలు పడగానే కదలిక ఆగాలి. జానెడు దూరం పాకినా ఇంజను ఆపి, బెల్టు నంబరు మళ్లీ చూడండి.

మొదటి రోజు వాలు జోలికి వెళ్లకండి. గేరు బండిలో వాలు మీద బెల్టు తెగితే ఇంజను బండిని నిలువరించడం కూడా పోతుంది, మిగిలేది బ్రేకు ఒక్కటే. సాధారణంగా మాన్యువళ్లు చెప్పే హద్దు 15 డిగ్రీలు. మా ఇంటి వెనుక మురుగు కాలువ గట్టు అంతకంటే నిటారు, అక్కడ నేను చేతి మోవరే వాడతాను. అరగంట కోశాక ఇంజను ఆపి, తాళం తీసి, బెల్టు గాడిలోనే నడుస్తోందా, కడ్డీలకు ఒరుసుకున్న గుర్తులున్నాయా చూడండి. రాలిన నల్లటి రబ్బరు పొడి కనిపిస్తే ఎక్కడో ఒకచోట తగులుతోందన్నమాట. అంతా బాగుంటే బానెట్ లోపల పెయింటు పెన్నుతో బెల్టు నంబరూ మార్చిన తేదీ రాసి పెట్టుకోండి.