కొత్త కోళ్లు ఇంటికొచ్చే ముందు జాగ్రత్తలు

- గూడు, నీళ్లు, మేత ముందే సిద్ధం చేయండి. మేత వాటికి అలవాటైనదే ఉండాలి. మార్చాలంటే వారం పాటు కొద్దికొద్దిగా కలపండి.
- పాత కోళ్లుంటే కొత్తవాటిని 3–4 వారాలు దూరంగా ఉంచాలి. జబ్బు ఉంటే చాలావరకు ఈలోగా బయటపడుతుంది. రోజూ ముందు పాతవాటి పని, తర్వాతే కొత్తవాటి దగ్గరికి.
- మొదటి వారం బయటికి వదలొద్దు. ఏది తమ ఇల్లో వాటికి తెలియాలిగా!
- చేరదీయాలని తొందరపడకండి. కోడికి పైనుంచి వచ్చేదంతా గద్దే. నిలబడి మీద చెయ్యి వేయకుండా నేలమీద కూర్చుని, అరచేతిలో గింజలు పెట్టుకుని కదలకుండా ఉండండి. మొదటి రోజు రాకపోవచ్చు, మూడో రోజూ రాకపోవచ్చు. తరిమి పట్టుకున్నారో, మళ్లీ మొదటికే.
- కుక్కను దగ్గరికి రానివ్వొద్దు.
- కొన్నాళ్లు గుడ్లు ఆగినా కంగారొద్దు, చోటు మారిన బెదురు అది.