హోయా తీగకి పూలు రావట్లేదా? నేను చేసింది ఇదీ

కూకట్‌పల్లిలో మా ఫ్లాట్ హాల్లో వేలాడదీసిన హోయా తీగ బారెడు సాగింది, ఆకులు నిగనిగలాడుతున్నాయి కానీ ఒక్క మొగ్గ లేదు. అసలు సమస్య వెలుతురండీ. తూర్పు బాల్కనీ గ్రిల్‌కి మార్చా, పొద్దుటి ఎండ తగిలేలా, మధ్యాహ్నం ఎండ పడితే మాత్రం మన మే నెల వేడికి ఆకులు మాడిపోతాయి. ఉత్త కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) అయితే తడి పట్టుకుని వేర్లు కుళ్ళుతాయని పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తేలికైన తెల్ల గుళికలు), బెరడు ముక్కలు కలిపా, కుండీ సైజు మాత్రం పెంచలేదు, వేర్లు కాస్త ఇరుగ్గా ఉంటేనే దీనికి ఇష్టం. పైన బాగా ఆరాకే నీళ్ళు. పిండినల్లి కనబడితే వేపనూనె సబ్బునీళ్ళలో కలిపి సాయంత్రం స్ప్రే.

ఇప్పుడు గుత్తులు గుత్తులుగా మైనంతో చేసినట్టున్న పూలు, రాత్రయితే ఎంత మంచి వాసనో! పూలు రాలాక ఆ కాడ మాత్రం కత్తిరించొద్దు ప్లీజ్, మళ్ళీ మొగ్గలు దాని మీదే వస్తాయి.