టీబీ మందులు వాడుతున్నారా? సంక్రాంతికి ఊరెళ్లే ముందు ఇవి చూసుకోండి

మాధవరం బస్టాండ్‌లో పండగ రద్దీ మొదలవక ముందే ఇది రాయాలనుకున్నాను. చెన్నైలో ఉంటూ టీబీకి మందులు వాడుతున్న మనవాళ్లు ఇంకొన్ని రోజుల్లో నెల్లూరు, ఒంగోలు, గుంటూరు వైపు బయల్దేరతారు. అక్టోబరులోనో నవంబరులోనో కోర్సు మొదలుపెట్టినవాళ్లకు ఈపాటికి దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒళ్లు కాస్త తేరుకుని ఉంటుంది. "ఇక నాకేం లేదు" అనిపించేది ఇప్పుడే. మందులు మానేసేదీ ఇప్పుడే.

మా తమ్ముడి విషయంలో అదే జరిగింది. మూడో నెలలో ఉండగా మొన్నామధ్య ఓ పండక్కి అత్తారింటికి వెళ్తూ, అక్కడ ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని స్ట్రిప్పులు పెరంబూరు రూములోనే వదిలేశాడు. తిరిగొచ్చాక బీరువా మీదున్న కవరు తెరిచి లెక్కపెడితే ఆరు రోజుల మందులు అలాగే ఉన్నాయి. వాణ్ని వెంటబెట్టుకుని మందులిచ్చే టీబీ సెంటర్‌కి పరుగెత్తాను. డాక్టరమ్మ కోప్పడలేదు. మళ్లీ తెమడ పరీక్ష చేయించి, పోయిన రోజుల మందుల్ని కోర్సు చివర కలిపి పూర్తి చేయాలన్నారు. కానీ రిపోర్టు వచ్చేదాకా మేం పడ్డ టెన్షన్ ఇంకెవరికీ వద్దు.

మామూలు టీబీకి మందులు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాలు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాతి నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసి మిగతా మూడూ ఇస్తారు. చురుగ్గా పెరిగే క్రిములు ముందే చస్తాయి. అప్పుడు మనకు నయమైనట్టు ఉంటుంది. మందకొడిగా నక్కి ఉన్నవి చావాలంటే ఆ మిగిలిన నెలలు కావాలి. మధ్యలో వదిలేస్తూ పోతే బతికినవి మళ్లీ పెరుగుతాయి, వాటిలో మందుకు లొంగనివి తయారవుతాయి. అప్పుడు వేరే మందులు, మరింత కష్టమైన వైద్యం.

చెన్నైవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. శానిటోరియంలో, అంటే టీబీ రోగుల్ని నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో, పడుకోబెడితే తప్ప టీబీ తగ్గదని అనుకునే రోజుల్లో, 1956లో మద్రాసులో మొదలైన కేంద్రం పేదల ఇళ్లలోనే మందులిచ్చి చూసింది. మందు సరిగ్గా వాడితే ఇంట్లో ఉన్నవాళ్లకూ శానిటోరియంలో ఉన్నవాళ్లతో సమానంగా నయమవుతుందని తేలింది. ఆ కేంద్రమే ఇప్పుడు చెట్‌పెట్‌లో ఉన్న జాతీయ క్షయ పరిశోధన సంస్థ. ఇరుకు గదిలో ఉన్నా, తిండి అంతంతమాత్రమైనా మందు పనిచేస్తుంది, రోజూ మింగితే.

కాబట్టి బయల్దేరడానికి కనీసం వారం ముందు మీ సెంటర్‌కి వెళ్లండి. ఎన్ని రోజులు ఊళ్లో ఉంటారో చెప్పి, మూడు నాలుగు రోజులు ఎక్కువే ఉండేలా మందులు అడిగి తీసుకోండి. పండగ తర్వాత బస్సులో సీటు దొరక్క ఆగిపోవడం మనకు కొత్తేం కాదు కదా. మీ నిక్షయ్ ఐడీ (ప్రభుత్వ టీబీ రికార్డులో మీ పేరు మీదున్న నంబరు) ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. నెలల తరబడి ఊళ్లోనే ఉండేటట్టయితే, వైద్యాన్ని అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి బదిలీ చేయమని ముందే అడగవచ్చు. ఏదైనా సందేహం వస్తే నిక్షయ్ టోల్ ఫ్రీ నంబరు 1800 11 6666.

స్ట్రిప్పుల్ని డిక్కీలో వేసే సూట్‌కేసులో కాకుండా చేతిసంచిలో పెట్టుకోండి. మాత్రలు విప్పి డబ్బాలో పోసుకోవద్దు, చెమ్మ తగులుతుంది. మా తమ్ముడు ఇప్పుడు ప్రతి స్ట్రిప్పు వెనకా స్కెచ్ పెన్నుతో తేదీ రాస్తాడు. వేసుకున్నాడో లేదో వాళ్లావిడకు చూడగానే తెలిసిపోతుంది.

పరగడుపున వేసుకుంటే మందు బాగా ఎక్కుతుంది. కడుపులో తిప్పితే మానేయకుండా, కొంచెం తిని వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. పిండివంటలు తిని గ్యాస్ పట్టిందని మాత్రల వెంటనే గ్యాస్ టానిక్ తాగొద్దు, మందు సరిగా ఒంటికి పట్టదు. పొద్దున మర్చిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాడు రెండు రోజులవి కలిపి మింగొద్దు. వరసగా కొన్ని రోజులు పోతే సొంతంగా మొదలుపెట్టకుండా ముందు సెంటర్‌కి ఫోన్ చేయండి.

పండగలో అసలు భయం సారా సీసాతోనే. ఈ మాత్రల్లో మూడు లివర్ మీద భారం వేసేవే. "పండక్కి ఒక్కటేరా" అని బావమరుదులు బలవంతపెడతారు. కల్లు అయినా బీరు అయినా వద్దు. వద్దనడానికి మొహమాటంగా ఉంటే "డాక్టరు లివర్‌కి మందులిచ్చాడు" అని చెప్పండి, ఎవరూ ఇంకో మాట అనరు.

రిఫాంపిసిన్ వల్ల మూత్రం నారింజ రంగులో వస్తుంది. చెమట, కన్నీళ్లకు కూడా ఆ రంగు పట్టవచ్చు. దానికి కంగారు పడొద్దు. కానీ కళ్లలో తెల్లగుడ్డు పచ్చబడితే, అన్నం చూస్తేనే వికారం పుడితే, వాంతులు ఆగకపోతే, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి ఉంటే అది వేరు. మాత్రలు ఆపి, పండగ రోజైనా సరే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ఊళ్లో పెద్దవాళ్లు కామెర్లకు పసరు పోయిస్తామంటారు. ప్రేమతోనే అంటారు. దయచేసి తాగొద్దు. అప్పటికే దెబ్బతిన్న లివర్ మీద ఏ ఆకు పసరు ఏం చేస్తుందో చెప్పలేం.

కళ్ల సంగతి ఇథాంబుటాల్‌ది. రోజూ ఒక కన్ను మూసి, రెండో కంటితో గోడ మీది క్యాలెండర్ చూడండి. ఎర్ర అంకెలు వెలిసినట్టు కనిపించినా, మసకగా ఉన్నా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా వెంటనే చెప్పాలి. అరికాళ్లు తిమ్మిరెక్కడం ఐసోనియాజిడ్ వల్ల కావచ్చు. బీ6 మాత్రతో సర్దుకుంటుంది, అదీ డాక్టర్ని అడిగే వేసుకోవాలి.

షుగర్ ఉన్నవాళ్లు అరిసెల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రిఫాంపిసిన్ కొన్ని షుగర్ మాత్రల బలం తగ్గిస్తుంది. గర్భనిరోధక మాత్రలదీ, రక్తం పల్చబడే మందులదీ అదే పరిస్థితి. వాడే ప్రతి మందు పేరూ మీ డాక్టర్‌కి తెలియాలి.

భోగి మంట దగ్గర నిలబడొద్దు. పాత టైర్లు, ప్లాస్టిక్ వేసే చోటికి అసలే వెళ్లొద్దు. ఊపిరితిత్తులు ఇంకా మానుతూ ఉన్నాయి.

ఇక అత్తారింటికి చెప్పాలా వద్దా అంటే, ఒక్కరికైనా చెప్పమంటాను. సరైన మందు మొదలై వారాలు గడిచినవాళ్ల నుంచి అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుంది, మీ విషయం డాక్టర్ని అడిగి ఖాయం చేసుకోండి. టీబీ గాలి ద్వారా పాకుతుంది గానీ కంచం, గ్లాసు వల్ల కాదు. వేరే కంచం పెట్టించుకుని మూలన కూర్చోవాల్సిన పని లేదు. మా తమ్ముడు ఈసారి వాళ్ల అత్తగారికి ఫోన్ చేసి చెప్పేశాడు. పొద్దున్నే మాత్రలు వేసుకునే వేళకు ఆవిడే నీళ్లిస్తానన్నారట.

తిరుగు టికెట్ కొనేటప్పుడు తెమడ పరీక్ష తేదీ, మందులు తీసుకునే తేదీ రెండూ చూసుకుని కొనండి.