స్టీరియో 70 యాంప్లిఫయర్‌లో వాల్వుల సమస్యలు: లక్షణం, కారణం, మరమ్మతు

1959లో ఫిలడెల్ఫియాలోని డైనాకో సంస్థ తెచ్చిన స్టీరియో 70, వాల్వులతో, అంటే గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే యాంప్లిఫయర్లలో అందరికీ తెలిసిన యంత్రం. ఒక్కో ఛానెల్‌కు 35 వాట్లు. నాలుగు ఈఎల్34 అవుట్‌పుట్ వాల్వులు, వాటికి ముందు సంకేతాన్ని పెంచే 7199 వాల్వులు రెండు, ఏసీని డీసీ చేసే జీజెడ్34 ఒకటి. సర్క్యూట్ చాలా తేలిక. అందుకే వాల్వుల మరమ్మతు నేర్చుకోవడానికి దీనికి మించిన యంత్రం లేదని నా అభిప్రాయం. ఇక్కడ చెప్పేవన్నీ దీని లెక్కలే అయినా, ఈఎల్34 వాడే చాలా యాంప్లిఫయర్లకు పద్ధతి ఇదే.

ఒక్క మాట ముందే చెప్పాలి. వాల్వు తనంతట తాను పాడవడం తక్కువ, దాన్ని మరేదో పాడుచేయడం ఎక్కువ. కారణం వెతక్కుండా కొత్త వాల్వు పెట్టడం, ఇంటి కప్పు కారుతుంటే కింద గిన్నె మార్చడం లాంటిది. కొత్తదీ అదే దారి పడుతుంది. పైగా జత ధర తక్కువేమీ కాదు.

చేయి పెట్టే ముందు

లోపల 400 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకినా, ఆ డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లలో అది నిలిచి ఉండవచ్చు, ప్రాణం తీయడానికి అది చాలు. మామూలుగా వాడి ఆపినప్పుడు, వేడిగా ఉన్న వాల్వులే ఆ చార్జీని తాగేస్తాయి. కానీ పరీక్ష కోసం ఈఎల్34లు తీసేసి ఆన్ చేసి ఆపితే తాగేవారు ఎవరూ ఉండరు, చార్జీ అలాగే ఉండిపోతుంది. చాలామందికి తెలియని ప్రమాదం ఇదే.

కాబట్టి అడుగు పలక విప్పిన ప్రతిసారీ: ప్లగ్గు గోడ నుంచి పూర్తిగా తీయండి. 10 కిలో ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌కు రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పు వైర్లు బిగించి, ఒక కొనను ఛాసిస్‌కు (లోహపు చట్రానికి), రెండో కొనను కెపాసిటర్ డబ్బా అడుగున ఉన్న నాలుగు సెక్షన్ల కొనలకు వరసగా తగిలించి, ఒక్కోచోట అర నిమిషం ఉంచండి. తర్వాత మీటరుతో కొలవండి. 10 వోల్టుల కంటే తక్కువ చూపిస్తేనే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేసే అలవాటు మానుకోండి, కెపాసిటరూ దెబ్బ తింటుంది, నిప్పురవ్వ కంట్లోనూ పడవచ్చు.

కరెంటు ఉండగా కొలవాల్సి వస్తే నల్ల వైరును ఛాసిస్‌కు, ఎర్ర వైరును కొలవాల్సిన చోట ముందే క్లిప్పుతో పెట్టి, ఆ తర్వాతే ఆన్ చేయండి. చేతులు దూరంగా ఉంచి అంకె మాత్రమే చదవండి. ఉంగరాలు, వాచీ, కంకణం తీసేయండి. కాళ్లకు చెప్పులు ఉండాలి, నేల పొడిగా ఉండాలి, ఇంట్లో ఇంకొకరు ఉండాలి.

స్పీకర్లు తగిలించకుండా ఎప్పుడూ ఆన్ చేయవద్దు. భారం లేని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగసి, చుట్లలోనో సాకెట్‌లోనో మంట పుట్టవచ్చు. వాల్వు మార్చవచ్చు గానీ, ఆ ట్రాన్స్‌ఫార్మర్ దొరకడం కష్టం.

అమెరికాలో కొని ఇక్కడికి తెచ్చుకున్నవారికి అదనపు జాగ్రత్త ఒకటుంది. ఆ యంత్రం 117 వోల్టులకు తయారైంది. మన 230ని తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, రాత్రిపూట సరఫరా 250కి ఎగబాకితే లోపల 130 దాకా వెళుతుంది. వాల్వులను లోపల వేడిచేసే 6.3 వోల్టుల హీటర్లకు 7 వోల్టులు అందుతాయి, అంటే పది శాతానికి మించి. వాల్వు ఆయుష్షు అక్కడే తగ్గిపోతుంది. మంచి స్టెబిలైజర్ పెట్టండి. తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ 50 హెర్ట్జ్‌కు సరిపోతుందో లేదో కూడా పలక మీద చూసుకోండి.

ప్లేట్లు ఎర్రబడుతున్నాయి

చీకట్లో చూస్తే, మధ్యలో ఫిలమెంట్ నారింజ రంగులో వెలగడం మామూలే. దాని చుట్టూ ఉన్న బూడిద రంగు లోహపు పలక మొద్దు ఎరుపుకు తిరిగితే అది వేరే సంగతి. ఆ క్షణమే ఆపేయండి. పాట పూర్తయ్యే దాకా ఆగవద్దు. ఆ వాల్వు గుండా కరెంటు హద్దు మీరి పారుతోందని అర్థం.

కారణాలు మూడు, ఎక్కువగా ఎదురయ్యే క్రమంలోనే చెబుతాను.

మొదటిది, నెగటివ్ బయాస్ తగ్గిపోవడం. ప్లేట్‌కు పారే కరెంటును అదుపు చేసే గ్రిడ్ మీద, అంటే ఈఎల్34 సాకెట్‌లో 5వ పిన్ను దగ్గర, మైనస్ 30ల్లో వోల్టులు ఉండాలి, దాన్నే బయాస్ అంటారు. ఆ వోల్టేజిని తయారు చేసేది అసలు స్టీరియో 70లో ఒక సెలీనియం రెక్టిఫయర్. చిన్న రెక్కలున్న పలకల దొంతరలా కనిపిస్తుంది. వయసు పైబడిన కొద్దీ దాని లోపలి నిరోధం పెరిగి, బయాస్ వోల్టేజి సన్నగిల్లుతుంది. అప్పుడు నాలుగు వాల్వులూ కలిసి వేడెక్కుతాయి. గుర్తు కూడా అదే: ఒకటి కాకుండా నాలుగూ ఎర్రబడితే నేరుగా సెలీనియాన్ని అనుమానించండి. అది కాలితే వచ్చే పొగ విషపూరితం, వాసన వస్తే కిటికీలు తెరిచి గది నుంచి బయటికి వెళ్లండి. దాని బదులు 1ఎన్4007 సిలికాన్ డయోడ్ అదే దిశలో పెట్టండి. సిలికాన్‌లో వోల్టేజి తక్కువగా తగ్గుతుంది కాబట్టి బయాస్ మునుపటికంటే బలంగా వస్తుంది. బయాస్‌ను సరిచేసే నాబులు ఒక కొసకు చేరిపోతే అక్కడి రెసిస్టర్ విలువను సర్దాలి. పక్కనున్న పాత బయాస్ కెపాసిటర్లను కూడా అదే చేత్తో మార్చేయండి. వాటి ప్లస్ వైపు ఛాసిస్‌కు ఉంటుందని మరిచిపోవద్దు.

రెండోది, కప్లింగ్ కెపాసిటర్ లీకవడం. 7199 నుంచి ఈఎల్34 గ్రిడ్‌కు సంగీతాన్ని దాటించే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ డీసీని పూర్తిగా ఆపాలి. పాతబడితే కొంచెం లీకవుతుంది. ఎంత కొంచెమో లెక్క చూడండి: గ్రిడ్‌కు ఉన్న రెసిస్టర్ 270 కిలో ఓమ్‌లు. 50 మైక్రో ఆంపియర్లు లీకైతే చాలు, గ్రిడ్ వోల్టేజి 13.5 వోల్టులు పైకి లేస్తుంది. మైనస్ 34 ఉండాల్సింది దాదాపు మైనస్ 20 అవుతుంది. ఇక వాల్వు ఎర్రబడకుండా ఎలా ఉంటుంది? దీని గుర్తు, ఒక్క వాల్వు మాత్రమే ఎర్రబడడం, దాన్ని మార్చినా అదే సాకెట్‌లో కొత్తదీ ఎర్రబడడం. నిర్ధారించుకోవడానికి ఆ ఛానెల్‌లోని రెండు ఈఎల్34లు తీసి, రెండు సాకెట్ల 5వ పిన్నుల వోల్టేజి విడివిడిగా కొలవండి. రెండూ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి సున్నా వైపు జరిగితే దానికి చేరే కెపాసిటర్‌దే దోషం. 630 వోల్టుల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ రకం వేయండి, నాలుగూ ఒకేసారి. కొలత అయ్యాక పైన చెప్పినట్టు చార్జీ దించడం తప్పనిసరి. వాల్వులు తీసి చేసే పరీక్ష ఇదే కదా.

మూడోది సాకెట్. 5వ పిన్ను వదులైతే గ్రిడ్‌కు బయాస్ అసలే అందదు. వాల్వును కొద్దిగా కదిపితే ఎరుపు వచ్చి పోతుంటే కారణం ఇదే.

ఈ మూడూ బాగున్నాయని తేలి, అనుమానిత వాల్వును పక్క సాకెట్‌కు మార్చినప్పుడు ఎరుపు దానితో పాటే వెళితే, అప్పుడు మాత్రమే తప్పు వాల్వుదని చెప్పండి.

హమ్మింగ్

ముందు స్వరం వినండి. మన దేశంలో 50 హెర్ట్జ్ సరఫరా కాబట్టి, ఫిల్టర్ లోపం వల్ల వచ్చే హమ్ 100 హెర్ట్జ్‌లో, కాస్త కరుకుగా ఉంటుంది. హీటర్, దాని వేడికి ఎలక్ట్రాన్లను వదిలే కేథోడ్‌ల మధ్య లీకు వల్లనో, ఎర్తు తీగ తప్పుగా ఉండడం వల్లనో వచ్చేది 50 హెర్ట్జ్‌లో, మెత్తగా లోతుగా ఉంటుంది.

రెండు ఛానెళ్లలోనూ 100 హెర్ట్జ్ వినిపిస్తే ఫిల్టర్ కెపాసిటర్ డబ్బా వయసు మీరింది. దాని విలువలు 30, 20, 20, 20 మైక్రోఫారడ్‌లు. ఎంత పెంచితే అంత మంచిదని 100 వేసేవారున్నారు, అది తప్పు. జీజెడ్34 వెంటనే వచ్చే మొదటి కెపాసిటర్ 60 మైక్రోఫారడ్‌లకు మించకూడదు.

ఒకే ఛానెల్‌లో హమ్ ఉండి, బాస్ కూడా పలచబడితే, ఆ ఛానెల్‌లోని రెండు ఈఎల్34లు సమానంగా పనిచేయడం లేదు. ఇలా రెండు వాల్వులు చెరో వైపు నుంచి పనిచేసే పుష్‌పుల్ అమరికలో, రెండు వైపులా కరెంటు సమానంగా ఉన్నప్పుడే సరఫరాలోని అలలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఒకటి అలసిపోతే ఆ రద్దు జరగదు.

బయాస్ సరిచేయడం: 1.56 వెనక దాగిన చిక్కు

స్టీరియో 70లో ఒక్కో ఛానెల్‌లోని రెండు ఈఎల్34లకు కలిపి ఒకే 15.6 ఓమ్‌ల కేథోడ్ రెసిస్టర్, ఒకే నాబు. మీటరు 1.56 వోల్టులు చూపిస్తే రెండింటి కరెంటు కలిపి 100 మిల్లీ ఆంపియర్లు, అంటే సగటున చెరో 50. సగటు అన్న మాటలోనే చిక్కంతా ఉంది. ఒకటి 70, మరొకటి 30 లాగుతున్నా మీటరు అదే 1.56 చూపిస్తుంది. మీరు సంతృప్తిగా మూత పెడతారు, 70 లాగేది త్వరలోనే ఎర్రబడుతుంది.

దీనికి శాశ్వత పరిష్కారం చిన్నదే. ఉమ్మడి రెసిస్టర్ తీసేసి, ఒక్కో వాల్వుకు 10 ఓమ్‌లు, 1 వాట్ రెసిస్టర్ ఒకటి చొప్పున కేథోడ్ (8వ పిన్ను, దానితో కలిపిన 1వ పిన్ను) నుంచి ఛాసిస్‌కు వేయండి. 0.4 వోల్టులు చూపిస్తే ఆ వాల్వులో 40 మిల్లీ ఆంపియర్లు. అప్పుడు ఏది ఎంత లాగుతోందో దాచడానికి వీలుండదు. ఒకే జతలో తేడా 5 మిల్లీ ఆంపియర్లు దాటితే ఆ జత సరిపోలలేదనుకోండి.

ఎంత పెట్టాలి? ఈఎల్34 ప్లేట్ ఓర్చుకోగలిగేది 25 వాట్లు. 415 వోల్టుల దగ్గర 50 మిల్లీ ఆంపియర్లంటే దాదాపు 21 వాట్లు. పాత పుస్తకంలో అలాగే ఉన్నా, నాకు అది ఎక్కువనిపిస్తుంది. వేసవిలో 35 డిగ్రీలు దాటే మన గదుల్లో 40 చాలు. ధ్వనిలో తేడా పట్టడం కష్టం, ఆయుష్షులో తేడా మాత్రం స్పష్టం. ఉమ్మడి రెసిస్టర్ అలాగే ఉంచుకున్నవారు 1.25 వోల్టులకు సరిచేసుకుంటే సగటున చెరో 40 వస్తుంది.

కొత్త జత పెట్టాక, ఆన్ చేసే ముందే నాబును అత్యంత నెగటివ్ వైపుకు తిప్పి ఉంచండి. పావుగంట వేడెక్కనిచ్చి మెల్లగా పెంచండి. గంట తర్వాత మళ్లీ చూడండి, వారం తర్వాత మరోసారి.

ఫ్యూజు పోతోంది

ఇంట్లో ఫ్యూజు పోతే రాగి తీగ చుట్టే అలవాటు ఇక్కడికి తేవద్దు. రాసి ఉన్న విలువే, నెమ్మదిగా కాలే రకమే పెట్టండి. తర్వాత జీజెడ్34 తీసి ఆన్ చేయండి. అయినా పోతే పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌నో హీటర్ తీగల్నో చూడాలి. పోకపోతే, ఈఎల్34లు నాలుగూ తీసి జీజెడ్34 పెట్టి కొన్ని సెకన్లు మాత్రమే ఆన్ చేయండి. అప్పుడు పోతే జీజెడ్34 గానీ కెపాసిటర్ డబ్బా గానీ షార్టయింది. నిలిస్తే ఈఎల్34లను ఒక్కో జతగా పెట్టి చూడండి. జీజెడ్34 దొరకలేదని 5యూ4 పెట్టవద్దు. దాని హీటర్ 3 ఆంపియర్లు లాగుతుంది, జీజెడ్34ది 1.9 మాత్రమే. ఆ తేడా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది.

చిటపటలు, గంట మోత, ఒక ఛానెల్ నీరసం

చిటపటలకు ఎక్కువగా పిన్నుల మీద పట్టిన మురికే కారణం. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి ఇది తొందరగా పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో పిన్నులు తుడిచి, పూర్తిగా ఆరాకే పెట్టండి. వదులైన సాకెట్ రేకుల్ని, చార్జీ దించాక, సన్నని సూదితో దగ్గరకు ఒత్తండి.

పెన్సిల్ వెనక వైపుతో 7199ని మెల్లగా తడితే స్పీకర్‌లో గంట మోగినట్టు వినిపిస్తే దాని లోపలి భాగాలు వదులయ్యాయి, మార్చడమే దారి. ఒక ఛానెల్ నీరసంగా ఉంటే, ఆపి చల్లారాక రెండు 7199లను అటూ ఇటూ మార్చండి. నీరసం అవతలి ఛానెల్‌కు వెళితే వాల్వు, ఉన్నచోటే ఉంటే సర్క్యూట్. 6జీహెచ్8ఏ లాంటివి గుణంలో దగ్గరే అయినా పిన్నుల అమరిక వేరు, అడాప్టర్ లేకుండా గుచ్చవద్దు.

నీలి వెలుగు చూసి భయపడేవారు చాలామంది. గాజు లోపలి గోడ మీద ముదురు నీలం రంగు సంగీతానికి తగ్గట్టు కదులుతుంటే అది మామూలే. ప్లేట్ లోపల, ఎలక్ట్రోడ్ల మధ్య, ఊదా గులాబీ రంగు పొగలా నిండితే లోపలికి గ్యాస్ చేరింది, పక్కన పెట్టేయండి. గాజు పైభాగాన అద్దంలా మెరిసే వెండి పూత పాల తెలుపుకు మారితే గాలి చొరబడింది, దాన్ని ఆన్ కూడా చేయవద్దు.

తీసేటప్పుడు, పెట్టేటప్పుడు

ఆపిన తర్వాత అరగంట ఆగండి. గాజును కాకుండా కింది నల్ల బేస్‌ను పట్టుకుని, స్వల్పంగా ఊపుతూ నిలువుగా పైకి లాగండి. ఈఎల్34 బేస్ మధ్యలో ఉన్న ప్లాస్టిక్ మొలక, సాకెట్ గాడిలో ఒకే దిశలో కూర్చుంటుంది. ఆ మొలక విరిగిన వాల్వు చౌకగా దొరికినా తీసుకోవద్దు. ఒక్క పిన్ను పక్కకు జరిగి కూర్చున్నా ప్లేట్ వోల్టేజి ఎక్కడికో పోతుంది. తొమ్మిది పిన్నుల 7199కు మొలక ఉండదు, 1, 9 పిన్నుల మధ్య ఎడం చూసుకుని గుచ్చాలి. పిన్ను వంగి ఉంటే ముందు శ్రావణంతో సరిచేయండి, బలంగా నొక్కితే గాజు అడుగున పగులుతుంది.

తీసిన ప్రతి వాల్వు బేస్ మీద అది ఏ సాకెట్‌దో, ఏ తేదీన తీశారో, ఎంత కరెంటు లాగిందో చీటీ అంటించండి.