శాసనాలు, పైకప్పు బొమ్మలు, కోటలు: సీమలో ఏది ఏ వెలుగులో చూడాలి

గుంతకల్లు నుంచి రేణిగుంటకు పోయే రైలు దారిలో గుత్తి, తాడిపత్రి, ముద్దనూరు, ఎర్రగుంట్ల, కడప, ఒంటిమిట్ట, నందలూరు వరుసగా వస్తాయి. సీమ చరిత్రలో చూడదగ్గది చాలావరకు ఈ దారికి అటూ ఇటూ ఉంది. చిన్న స్టేషన్లలో అన్ని బండ్లూ ఆగవు కాబట్టి గుత్తి, ఎర్రగుంట్ల, కడపల్లో దిగి మిగతా దూరం ఆర్టీసీ బస్సులో, ఆటోలో పోవడం మేలు. లేపాక్షి మాత్రం వేరే దిక్కు. దానికి హిందూపురంలో దిగాలి. పాత పుస్తకాల్లో అనంతపురం జిల్లా అని ఉన్న లేపాక్షి, పెనుకొండ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి.

చాలామంది కిలోమీటర్లు లెక్కేసుకుని రోజు పథకం వేస్తారు. రాతిమీద ఉన్నదాన్ని చూడాలంటే ముందు ఎండను లెక్కేసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఈ పనికి అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఆలయ ఆవరణ బండలమీద చెప్పుల్లేకుండా నిలబడలేం. ఏ నెలలో వెళ్లినా మందపాటి నూలు సాక్సులు ఒక జత, మనిషికి రెండు మూడు లీటర్ల నీళ్లు ఉండాలి.

శాసనాల సంగతి ముందు. ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో, చెన్నకేశవ ఆలయ ప్రాంగణంలో ఉన్న శాసనం రేనాటి చోళుడు (కడప ప్రాంతాన్ని ఏలిన చోళ వంశపు రాజు) ఎరికల్ ముత్తురాజు ధనంజయుడిది. క్రీ.శ. 575 నాటిదిగా, తెలుగులో దొరికిన తొలి పూర్తి శాసనంగా దీన్ని లెక్కిస్తారు. విరిగిన రాయి, అరిగిన అక్షరాలు. ఎదురుగా నిలబడి చూస్తే గీతలు తప్ప ఏమీ తోచదు. చెక్కిన అక్షరం కనపడాలంటే దాని గాడిలో నీడ పడాలి, అంటే వెలుగు రాతి ముఖాన్ని రాసుకుంటూ పక్కనుంచి రావాలి. నేలమీద పరుచుకున్న బండ శాసనానికి పొద్దు పొడిచాక గంట, పొద్దు వాలే ముందు గంట మంచివి. నిలువు రాయికి ఈ లెక్క పనికిరాదు. తూర్పు ముఖంగా ఉన్న నిలువు రాతిని పొద్దున ఏడింటికి చూస్తే ఎండ సూటిగా పడి అక్షరాలన్నీ మాయమవుతాయి. ఎండ దాన్ని వదిలిపెట్టే వేళకు, అంటే పదకొండు, పన్నెండు గంటల మధ్య చూడాలి. పడమటి ముఖానికి పన్నెండు దాటిన వెంటనే సరిపోతుంది.

ఎండ కుదరకపోతే గొడుగు పట్టి రాతిని నీడలోకి తెచ్చి, చిన్న టార్చి వాడండి. టార్చిని రాతికి దాదాపు ఆనించినట్టు, పదీ పదిహేను డిగ్రీల వాలులో పట్టుకోవాలి. ముందు ఎడమ పక్కనుంచి, తర్వాత పైనుంచి వెలుగు వేసి రెండు ఫొటోలు తీయాలి. పక్కనుంచి వేసినప్పుడు నిలువు గీతలు తేలతాయి, అడ్డగీతలు మునుగుతాయి. పైనుంచి వేస్తే అడ్డగీతలు తేలతాయి. ఒక్క ఫొటోతో సరిపెట్టుకుని ఇంటికొచ్చాక చదవబోతే సగం అక్షరాలు దక్కవు. ఫ్లాష్ ఆపేయండి. రాయి పక్కన 15 సెంటీమీటర్ల స్కేలు పెట్టి మొత్తం రాయిని ఒకసారి, తర్వాత ముక్కలు ముక్కలుగా, ఒక ముక్క పక్కదానిమీద మూడోవంతు పడేలా తీయండి. సుద్ద రుద్దడం, నూనె పూయడం అస్సలు వద్దు. సుద్ద గాడిలో ఇరుక్కుంటుంది, నూనెకు దుమ్ము పట్టి గట్టిపడుతుంది. సీమలో చాలా శాసనాలు పూడిపోయింది దొంగల వల్ల కాదు, భక్తితో కొట్టిన సున్నం వల్ల.

ఇదే పద్ధతి ఎర్రగుడి అశోకుడి శాసనాలకూ పనికొస్తుంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, జొన్నగిరి దగ్గర గుండ్లమీద 14 పెద్ద శాసనాలు, 2 చిన్న శాసనాలు ఉన్నాయి. 1929లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా వీటి సంగతి లోకానికి తెలియదు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. అశోకుడి కాలపు లిపి బ్రాహ్మిని మామూలుగా ఎడమ నుంచి కుడికి చదువుతారు కాబట్టి, ఆ అక్షరాల పట్టిక పట్టుకుని వెళ్లినవాళ్లు తికమకపడేది ఇక్కడే. అనంతపురం, గుత్తి వైపు హోటళ్లలో ఉగ్గాని బజ్జి తిని బయల్దేరడం మంచిది, గుట్ట దగ్గర తిండి దొరుకుతుందని నమ్ముకోవద్దు.

లేపాక్షిలో వేలాడే స్తంభం కింద గుడ్డ లాగడానికి జనం గుమిగూడతారు. ఆ స్తంభం ఒక అంచున నేలకు ఆనే ఉంటుంది. రెండు నిమిషాలు చూసి తల పైకెత్తండి. విజయనగర కాలపు పైకప్పు బొమ్మలున్నది అక్కడ: కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం, పార్వతీ కల్యాణం. బయటి ఎండలోంచి రాగానే పైన నల్లగా తప్ప కనిపించదు. పది నిమిషాలు లోపల కూర్చుంటే కళ్లు అలవాటుపడతాయి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు ఆవరణ బండలమీద పడ్డ ఎండ పైకి మళ్లి రంగులు విచ్చుకుంటాయి. బొమ్మలమీద టార్చి వేయకండి. ఎనిమిది రెట్ల బైనాక్యులర్ చాలు, కానీ మూడు మీటర్ల దూరంలో ఫోకస్ కుదురుతుందో లేదో కొనేముందే చూసుకోవాలి. కొన్నింటికి కుదరదు. మెడ నొప్పికి చేతి అద్దం మందు: నడుము దగ్గర పట్టుకుని అందులో చూడొచ్చు, బొమ్మ ఎడమ కుడి మారుతుందని గుర్తుంచుకుంటే చాలు.

తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయం గోపురాలు అసంపూర్తిగా ఆగిపోయినవి. శిల్పులు పని ఎక్కడ ఆపారో చూడాలంటే పెన్న ఒడ్డున ఇంతకు మించిన చోటు లేదు. ఊళ్లోని చింతల వెంకటరమణ ఆలయం రాతిరథంతో కలిపి రెండింటికీ పూట సరిపోతుంది.

కడపలో భగవాన్ మహావీర్ ప్రభుత్వ మ్యూజియాన్ని కోటలకన్నా ముందు చూడాలి. ప్రతి విగ్రహం దగ్గర అది దొరికిన ఊరి పేరు రాసుకుంటే తర్వాత ఆ ఊరి గుడిలో ఖాళీగా ఉన్న గూడు ఎందుకుందో తెలుస్తుంది. మ్యూజియాలకు శుక్రవారం సెలవు మామూలే, ప్రభుత్వ సెలవులూ కలుస్తాయి. ముందురోజు ఫోన్ చేసి అడగండి.

గండికోటకు జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడింటికి చేరి జుమ్మా మసీదు, ధాన్యాగారం, మాధవరాయ ఆలయం చూసి, లోయ అంచుకు సాయంత్రం ఒకసారి, రాత్రి అక్కడే ఉండి తెల్లవారుజామున ఇంకోసారి వెళ్లాలి. అంచున కమ్మీలు లేని చోట్లే ఎక్కువ. ఎర్రరాయి పొరలు పొరలుగా ఊడుతుంది, వాన పడ్డాక మరీ జారుతుంది. అంచుకు రెండు బారల దూరంలో ఆగాలి, సెల్ఫీ తీస్తూ వెనక్కి నడవకూడదు. లోయలో నీళ్లు మైలవరం జలాశయం మట్టాన్ని బట్టి ఉంటాయి, ఎండాకాలంలో అడుగు కనిపించినా ఆశ్చర్యం లేదు. చీకటి పడ్డాక జమ్మలమడుగుకు బండి దొరకడం కష్టం. వచ్చేటప్పుడే ఆటోవాళ్లతో ఆగే గంటలకూ కలిపి కిరాయి మాట్లాడుకుని, నంబరు తీసుకోండి.