డిష్ ఒక్కసారి తిప్పి బోల్టు బిగించడం ఎలా

కావలిలో ఇరవై రెండేళ్లుగా డిష్‌లు బిగిస్తున్నాను. ఇక్కడి లెక్కలే చెప్తాను. నెల్లూరు, కందుకూరు వాళ్లకి ఒక డిగ్రీకి మించి తేడా రాదు.

ముందు పైపు. అది నిట్టనిలువుగా లేకపోతే తర్వాత చేసేదంతా దండగ. దారానికి నట్టు కట్టి పక్కన వేలాడదీసి, రెండు వైపుల నుంచీ చూసుకోండి.

దూరదర్శన్ ఫ్రీ డిష్ ఛానళ్లు వచ్చే శాటిలైట్ జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. మనకది ఆగ్నేయం, అంటే వంటింట్లో పొయ్యి పెట్టే మూల. ఫోన్‌లో దిక్సూచి 136, 137 చూపించే వైపు తిప్పండి. పైపుకి ఆనించి చూస్తే ఇనుము దెబ్బకి అది అబద్ధం చెప్తుంది, నాలుగడుగులు పక్కకి జరగండి.

తప్పులన్నీ ఎత్తు దగ్గరే. శాటిలైట్ సుమారు 67 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అలాగని పళ్లేన్ని వాననీళ్లు పట్టేలా వెల్లకిలా పడుకోబెట్టకండి. ఎల్‌ఎన్‌బీ, అంటే పళ్లెం ముందు సిగ్నల్ అందుకునే డబ్బా, దాని కాడ కిందినుంచి వస్తుంది కాబట్టి చూపు పళ్లెం వాలు కన్నా పైకి పోతుంది. పళ్లెం నిలువు నుంచి వెనక్కి నలభై, నలభై అయిదు డిగ్రీల దగ్గర ఉంటే చాలు.

ఈ ఎత్తు వల్ల ఒక లాభం ఉంది. తుమ్మలపెంట రోడ్డులో ఒకాయన, పక్కింటి కొబ్బరిచెట్టు అడ్డమని గొడవకి దిగాడు. కొలిచాను. చెట్టు పదడుగుల దూరంలో ఉంటే, డిష్ కన్నా ఇరవై మూడడుగులు ఎత్తుంటేనే అడ్డం. అది అంత లేదు. చెట్టూ బతికింది, మాటలూ కలిశాయి.

ఇంతకీ ఒక్కసారి బిగిస్తే ఏళ్ల తరబడి ఎలా ఉంటుందని అడుగుతుంటారు. మొదట్లో అలా లేదు. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ సొంత డబ్బుతో టెల్‌స్టార్ అనే శాటిలైట్ చేయించింది, నాసాకి రాకెట్ ఖర్చు కూడా కట్టింది. 1962 జూలై 10న అది పైకెళ్లింది. 77 కిలోల గోళం. రెండున్నర గంటలకో చుట్టు తిరిగేది, అట్లాంటిక్‌కి అటూ ఇటూ కలిపి దొరికేది ఒక్కో చుట్టులో ఇరవై నిమిషాలే. దాన్ని వెంబడించడానికి అమెరికాలోని ఆండోవర్‌లో 177 అడుగుల కొమ్ములాంటి యాంటెన్నా తిప్పుతూ ఉండాలి. అదే మన మిద్దె మీదైతే డిష్‌కో మనిషి కావాలి! పైగా అది పైకెళ్లే ముందురోజే ఆకాశంలో అమెరికా అణుబాంబు పేల్చింది. ఆ రేడియేషన్‌కి ట్రాన్సిస్టర్లు దెబ్బతిని, 1963 ఫిబ్రవరికల్లా టెల్‌స్టార్ మూగబోయింది.

పేరంతా టెల్‌స్టార్‌కే వచ్చింది గానీ, నా ఓటు హ్యూస్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే ఇంకో అమెరికా కంపెనీకి. అక్కడ ఇంజినీరు హెరాల్డ్ రోజెన్ బృందం, శాటిలైట్‌ని భూమితో సమానంగా తిరిగేలా, మనకి కదలనట్టే కనిపించేలా 36 వేల కిలోమీటర్ల ఎత్తున పెడదామంది. మొదట కంపెనీ డబ్బుతోనే నమూనా చేశారు, ఆ తర్వాత నాసా డబ్బు పెట్టింది. సింకామ్-1 పైకెళ్లి పలకలేదు. 1963 జూలైలో సింకామ్-2 పలికింది. 1964లో సింకామ్-3 భూమధ్యరేఖ మీద కుదురుకుని టోక్యో ఒలింపిక్స్ చూపించింది. మరుసటేడు అదే హ్యూస్ చేసిన ఎర్లీ బర్డ్ 240 ఫోన్ లైన్లు మోసింది. మన ఇన్శాట్-1బీ చేసింది కూడా ప్రైవేటు కంపెనీయే, కార్ల ఫోర్డ్ వాళ్లది. అయినా ప్రభుత్వ రాకెట్ లేకపోతే ఇవన్నీ గోడౌన్లోనే ఉండేవి. "జీశాట్ మన శ్రీహరికోట షార్ నుంచే పోయింది కదన్నా?" అంటారు మిద్దె మీద. కాదు, 15వ నంబరు 2015లో ఫ్రెంచ్ గయానా నుంచి పోయింది.

సరే, పనిలోకి వద్దాం. టీవీ దగ్గర ఒకరిని ఉంచి ఫోన్ కలపండి. స్ట్రెంత్ గీత చూసి మురిసిపోవద్దు, వైరు తగిలిస్తే చాలు అది లేస్తుంది. క్వాలిటీ గీత చూడాలి. కొంచెమే తిప్పండి, మూడు సెకన్లు ఆగండి. బాక్సు నిదానం, మీరు తొందరపడితే దాటిపోతుంది. దొరికాక బోల్టులు ఒకటి మార్చి ఒకటి కొంచెం కొంచెం బిగించండి. ఒకేసారి ఒక్కటే బిగిస్తే పళ్లెం పక్కకి లాగుతుంది.

సముద్రం దగ్గరైతే బోల్టులకి గ్రీజు పూయండి. వైరు ఎల్‌ఎన్‌బీలోకి పోయే ముందు కిందికి ఒక వంపు ఉంచండి, వాననీళ్లు అక్కడే కారిపోతాయి.

మార్చి మధ్యలోనూ సెప్టెంబరు చివరనూ, పగలు పదకొండు గంటల ప్రాంతంలో కొన్ని నిమిషాలు బొమ్మ చెదురుతుంది. శాటిలైట్ వెనక్కి సూర్యుడు వస్తాడు, అంతే. స్పానర్ తియ్యకుండా టీ తాగి రండి.